రోజుకొక పేజీ

కౌంటరు మీద రెండు సీసాలు పెట్టి
మద్దిలేటి నా మొహం చూసినాడు.
"ఇది డై. నీళ్లలో చక్కెర మాదిరి కరిగిన రంగు.
కాగితం లోపలికి దిగుతాది, మెరుస్తాది.
ఇది పిగ్మెంటు. ఇది కరగదు సార్.
మెత్తటి పొడి, నీళ్లలో తేలాడతా ఉంటాది,
కాగితం మీదికెక్కి కూచుంటాది.
ధర రెట్టింపు. యాది ఇమ్మంటారు?"

ముప్పయ్యారేండ్లు దస్తావేజులు రాసినోణ్ణి.
సిరా గురించి నాకు
బుధవారపేట సందులో ఈ పిల్లోడు చెప్పల్లనా
అని నోటిదాకా వచ్చింది. మింగినాను.
వాడు చెప్పింది నిజమే గదా.

ఇంట్లో ఫర్మానా వేరే ఉంది.
సుంకులమ్మకు జాకెట్టు డిజైన్లు కావల్ల.
నెమలికంఠం నెమలికంఠం మాదిరే రావల్ల.
కుంకుమ ఇటుకరంగైతే
గిరాకీ ఎదురింటి కుట్టుమిషనుకు పోతాది.
"నీ అక్షరాలు యా సిరాతోనైనా నల్లగానే ఉంటాయి,
నా రంగులు చూసి తీసుకురా" అనింది,
పండ్ల నడుమ గుండుసూదులు తీయకుండానే.

డై సీసా ఎత్తి వెలుతురుకు పట్టినాను.
ఎరుపులోంచి వీధి కనబడింది.
ఆటో, చెరుకురసం బండి, గొడుగు కింద పోలీసు,
అందరూ పెండ్లికి పోతున్నట్టు.
పిగ్మెంటు సీసాలోంచి ఏమీ కనబడలేదు.

ఆ అక్టోబరులో
హంద్రీ, తుంగభద్రా కలిసొచ్చి ఒకే తలుపు తట్టినాయి.
మిద్దె మీద మూడు రాత్రులు.
దిగొచ్చి బీరువా తెరిస్తే
జనం నా దగ్గర దాచుకున్న కాగితాలన్నీ
నానిన రొట్టెల మాదిరి అతుక్కోని ఉన్నాయి.
ఒక్కొక్కటి విడదీసి, దండెం కట్టి,
చీరలకు పెట్టే క్లిప్పులతో ఆరేసినాము.
ఫౌంటెన్ పెన్ను సంతకాలు
లేతనీలం మబ్బులైపోయినాయి.
కరణంగారి మెలికల సంతకం,
హెడ్మాస్టరుది, కింద రెండు గీతలు కొట్టేది,
నాది కూడా.
'లేఖరి' అన్న మాట ఉండాల్సిన చోట ఒక మరక.

ఉసేనప్ప వేలిముద్ర మాత్రం
గీతకు గీత నిలబడి ఉంది.
తారు మాదిరి సిరా అది.
రోలరుతో బొటనవేలికి పూసి నేనే ఒత్తించినాను.
ఒత్తేటప్పుడు తలొంచుకున్నాడు.
"సదువు లేనోణ్ణి సామీ, నాది ఇంతే."
ఇంతే.
పక్కన గిడ్డయ్యది, నాగలక్షుమ్మది,
బురద కింద నుంచి బయటపడిన దుక్కిచాళ్లు.

"పిగ్మెంటు" అన్నాను.
మద్దిలేటి తల గోక్కున్నాడు.
"మీ మిషను డై కోసం చేసింది సార్. పోయొచ్చు గానీ
మన ఎండలకు నాజిల్లో గడ్డకట్టుకుంటాది.
రోజూ ఒక పేజీ అయినా తీయల్ల.
జరమొచ్చినా సరే."

కుంకుమ ఇటుకరంగే అయ్యింది.
సుంకులమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు ఎవరో ఆ ఇటుకరంగే కావల్లని
జాకెట్టుగుడ్డ ఇచ్చిపోయిందంట.
ఆమె చెప్పలేదు, రశీదు బుక్కులో చూసినాను.

ఇప్పుడు పొద్దున్నే, కాఫీకి ముందు, ఒక పేజీ.
ఏం తీయాలో మొదట్లో తోచక
క్యాలెండరు తీసినాను, కరెంటు బిల్లు తీసినాను.
తర్వాత, జ్ఞాపకమున్నంత వరకు,
మబ్బులైపోయిన ఆ దస్తావేజులే
చెక్కుబందీలతో సహా కొడుతున్నాను.
ఎవరికీ పనికిరావు. ముద్రా లేదు, స్టాంపూ లేదు.

తూర్పు: బండిబాట.
దక్షిణం: గిడ్డయ్య చేను, నడుమ తుమ్మచెట్టు.
పడమర: వంక.
ఉత్తరం...
నిన్న ఉత్తరం గుర్తుకు రాలేదు.
అక్కడ తెలుపు వదిలి తీసినాను.

ఆరినాక నీళ్లచుక్క వేసి రుద్ది చూసినాను.
వేలికి ఏమీ అంటలేదు.